కొండ పేలాలని ప్రార్థించిన వారం

పోయిన నెల కడియం నర్సరీకి గులాబీ మొక్కలు కొందామని వెళ్ళాను. కుండీల వెనక ఒక మూల సంచుల్లో నల్లటి రాళ్ళు నింపి పెట్టారు. లావా రాళ్ళట, కుండీలో మట్టి మీద పరుచుకుంటే అందంగా ఉంటాయట, తడి కూడా తొందరగా ఆరదట. అమ్మే ఆవిడ ఒక రాయి తీసి నా చేతిలో పెట్టబోయింది. అది చేతికి తగలకముందే దాని బరువు నాకు తెలుసు. చూడటానికి ఇనప ముద్దలా ఉంటుంది, పట్టుకుంటే ఎండిన రొట్టెముక్కంత తేలిక. ఒళ్ళంతా సూదిబెజ్జాలు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. ఏమీ లేదు. వానలో తడిస్తేగాని దానికి వాసన రాదు. ఆవిడ నన్ను అదోలా చూసింది. మొక్కలు కూడా కొనకుండా ఇంటికొచ్చేశాను.

అలాంటి రాళ్ళ కొండ పక్కన నేను పన్నెండో ఏడు దాకా పెరిగాను.

సౌదీలో ఎర్రసముద్రం ఒడ్డు వదిలి లోపలికి వెళితే, ఎండు కొండల మధ్య ఒక చిన్న ఊరు. ఒకటే పెద్ద వీధి. రొట్టెల కొట్టు, మందుల దుకాణం, మలయాళీ కిరాణా, టైర్లు బాగుచేసే షెడ్డు, వీధి చివర మా అమ్మ నర్సుగా పనిచేసే ప్రైవేటు ఆసుపత్రి. ఊరు దాటగానే నేల నల్లబడేది. కనుచూపు మేరా గడ్డకట్టిన లావానే. అరబ్బులు దాన్ని హర్రా అంటారు. ఆ నలుపు మధ్యలో, బోర్లించిన గంపలాగా, నెత్తిన గుంటతో ఒక కొండ. హర్రాలో మిగతాదంతా ముసలిదేగాని ఆ కొండ మాత్రం పడుచుదని నాన్న అనేవారు.

నాన్న కోనసీమలో బీఈడీ చదివారు. పంతులు ఉద్యోగం రాలేదు. అమ్మకు సౌదీలో నర్సు ఉద్యోగం వస్తే ఆమెతోపాటు వచ్చి, ఆ ఊళ్ళోనే కార్ల విడిభాగాల దుకాణంలో కుదిరారు. కొన్నాళ్ళకు నితాఖాత్ అని ఒక పద్ధతి పెట్టారు. ప్రతి దుకాణంలోనూ ఇంతమంది ఆ దేశంవాళ్ళు ఉండి తీరాలి. ఉంటే ఆకుపచ్చ రంగు, లేకపోతే ఎరుపు. ఎరుపులో పడ్డ దుకాణానికి మనుషుల కాగితాలు రెన్యూ కావు. అలా నాన్న పని పోయింది. అప్పటినుంచి నాన్నా నేనూ అమ్మ ఇఖామా మీద, అంటే ఆమె నివాసపు కార్డు మీద ఆధారపడ్డవాళ్ళుగా, ఆ దేశంలో ఉండేవాళ్ళం. ఆ కార్డు మీద నాన్న ఎక్కడా పని చేయకూడదు. కనక ఇంట్లో వంట చేసేవారు, నాకు పాఠాలు చెప్పేవారు.

ఆ ఊళ్ళో మన బడి లేదు. నాకు నాన్నే బడి. పొద్దున అమ్మ తెల్లబూట్లు వేసుకుని డ్యూటీకి వెళ్ళగానే నాన్న తలగుడ్డ చుట్టుకుని చేపల పులుసు పొయ్యి మీద పెట్టేవారు. చింతపండు మలయాళీ కొట్లో దొరికేది. గోంగూర మాత్రం నెయ్యి డబ్బాల్లో ఆయనే పెంచేవారు. పులుసు దింపేలోపు లెక్కలు, ఎక్కాలు అయిపోవాలి. సాయంత్రం ఎండ తగ్గాక సాంఘిక శాస్త్రం. దానికి పుస్తకం అక్కర్లేదు. ఇద్దరం నడుచుకుంటూ కొండ దగ్గరికి పోయేవాళ్ళం.

ఇటుకల్లో కలపడానికి కొండ పాదం దగ్గర ఒకపక్క లారీలవాళ్ళు తవ్వుకుపోయారు. అక్కడ నిలబడితే, దిబ్బరొట్టెను కత్తితో కోసినట్టు, లోపలి పొరలన్నీ కనపడేవి. అడుగున ఎర్రటి రాళ్ళు. నేల చీలి, నిప్పు ఎగజిమ్మి, ముక్కలు ముక్కలుగా గాలిలోనే చల్లారి చుట్టూ పడి, కొన్ని నెలల్లోనే కొండంత పోగయిందని నాన్న చెప్పారు. తర్వాత పాదం పగిలి లావా పడమటికి కారి వాగులోకి పోయింది. ఆ ఎర్ర రాళ్ళమీద వేలెడు మందాన గోధుమరంగు మట్టి. దానిమీద మళ్ళీ నల్లటి బూడిద, నల్లటి రాళ్ళు.

"ఈ మట్టి చూడవే అమ్మలూ" అని ఆ వేలెడు పొర మీద నాన్న గోటితో గీసేవారు. "ఇది గాలి తెచ్చి పోసిన దుమ్ము. ఇంత పేరుకోవాలంటే ఎన్ని వందల ఏళ్ళు కొండ ఊరుకుని ఉండాలో. గడ్డి కూడా మొలిచింది, ఇవిగో వేళ్ళ గుర్తులు. ఇక లేవదులే అనుకున్నాక మళ్ళీ లేచింది."

అంటే రెండుసార్లు పేలింది. రెండోసారి పేలి వెయ్యేళ్ళయి ఉంటుందట. వెయ్యేళ్ళంటే చాలా కాలం కదా అంటే, కొండకు అది నిన్నటి మాట అన్నారు.

ఆ కొండవార మేకల కొట్టం వేసుకుని ఎడారి బదూ తెగ ముసలాయన ఒకడు ఉండేవాడు. నేను ఆయన్ను తాతా అని పిలిచేదాన్ని. ఆ మాటకు అర్థం ఆయనకు తెలియదు, తనకు నేను పెట్టిన పేరనుకున్నాడు. నాన్నకు వచ్చిన ముక్కలు ముక్కల అరబ్బీలోనే ఇద్దరూ గంటలకొద్దీ మాట్లాడుకునేవాళ్ళు. యాలకులు వేసి కాచిన పసుపుపచ్చటి అరబ్బు కాఫీ గహ్వా, ఖర్జూరాలు, ఎండబెట్టిన మేకపాల పెరుగు ఉండలు పెట్టేవాడు. ఆ ఉండలు రాయిలా ఉండి, చప్పరించగా చప్పరించగా పుల్లగా కరిగేవి. ఒకసారి ఆయన గహ్వాలో నేను ఉప్పు వేశాను. ఆయన కళ్ళు మూసుకుని మొత్తం తాగి, ఇంకో చెంబెడు కాచమని నాకే చెప్పాడు.

తన పూర్వీకుల బావి ఒకటి ఆ లావా కింద ఉందని తాత చెప్పేవాడు. నిప్పు లేచినప్పుడు వాళ్ళు మేకల్ని తోలుకుని దూరంగా పోయారట. ఆ వెలుగులో దీపం లేకుండానే ఒంటెల పాలు పితికారట. తిరిగివస్తే బావి లేదు. అక్కడ నీళ్ళు తియ్యగా ఉండేవని ఆయన చెప్పేటప్పుడు, స్వయంగా తాగినట్టే చెప్పేవాడు.

ఆ కొండ మీదే నేను చేయకూడని పనులన్నీ చేశాను. పిండి సంచి మీద కూర్చుని రాళ్ళ మీదుగా పైనుంచి కిందికి జారేదాన్ని. గౌను వెనక చిరిగి మోకాళ్ళు చెక్కుకుపోయేవి. ఇంట్లో అమ్మ దూది తడిపి నొక్కుతూ, పెళ్ళయ్యాక కూడా ఈ మచ్చలు పోవే అనేది. ఆమె చేతులు ఎప్పుడూ డెటాల్ వాసన వేసేవి. ఆమె ఎక్కువ మాట్లాడేది కాదు. పన్నెండు గంటల డ్యూటీ చేసి వచ్చి, కాళ్ళు గోడకు ఆనించి పడుకుని, నాన్న వడ్డించింది తిని నిద్రపోయేది. అమ్మ నాతో ఆడిందని గుర్తుచేసుకుందామంటే ఒక్క రోజూ దొరకదు. కానీ నాకు గుర్తులేని రోజులు కొన్ని ఉన్నాయి.

నాకు నాలుగేళ్ళప్పుడు కొండ మూడోసారి లేవబోయింది. నేల కింద నిప్పు పైకొస్తుంటే రోజుకు ఎన్నోసార్లు భూమి అదిరేదట. హర్రాలో ఒకచోట నేల నిలువునా పగిలింది. ఆ పగులును నాన్న నాకు చూపించారు, నా కాలు దూరేంత వెడల్పు. ప్రభుత్వం ఊరంతా ఖాళీ చేయించి బస్సుల్లో సముద్రం ఒడ్డునున్న పట్నానికి పంపింది. ఆసుపత్రికి తాళం. అమ్మకు డ్యూటీ లేదు. ముగ్గురం ఒకే గదిలో ఉన్నాం. అమ్మ నాకు తలంటిపోసేదట. ఇసకలో కూర్చుని చేపలు వేయించేదట. ఒక పాట నేర్పి నాచేత పాడించేదట. ఆ తర్వాత నిప్పు దారిలోనే ఆగిపోయింది, జనం ఇళ్ళకు తిరిగొచ్చారు, అమ్మ తెల్లబూట్లు వేసుకుంది. నాన్న ఆ రోజుల సంగతి ఎప్పుడు చెప్పినా, "అమ్మ ఖాళీగా ఉన్నది అప్పుడేనే" అని ముగించేవారు.

నాకు పన్నెండో ఏడు నడుస్తుండగా కొత్త రుసుము వచ్చింది. ఇంకొకరి ఇఖామా మీద ఆధారపడి ఉన్న ప్రతి మనిషికీ నెలనెలా ఇంతని కట్టాలి, అదీ ఏడాదికేడాది పెరుగుతుంది. వీధిలో కుటుంబాలున్న ఇళ్ళు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. మలయాళీ కొట్టాయన పెళ్ళాం పిల్లలు వెళ్ళిపోయారు. టైర్ల షెడ్డు పాకిస్తానీ ఆయన తల్లి కూడా వెళ్ళిపోయింది. ఒక శుక్రవారం భోజనాల దగ్గర అమ్మా నాన్నా నాతో చెప్పారు. నేనూ నాన్నా ఫైనల్ ఎగ్జిట్ మీద, అంటే మళ్ళీ రాకుండా, ఇంటికి వెళ్ళిపోతాం, అమ్మ ఉంటుంది. నాకు మంచి బడి దొరుకుతుందని నాన్న చెబుతూ పోయారు. అమ్మ నా కంచంలో ముళ్ళు ఏరుతూ ఉంది. నేను చేప తినడం మానేసి చాలాసేపైంది, ఆమె ఏరుతూనే ఉంది.

ప్రయాణానికి మూడు వారాలుంది. శుక్రవారాల్లో మా గదిలో నలుగురు నర్సులు చేరి, మన ప్రార్థనలకు అక్కడ అనుమతి లేదు కనక తెరలు వేసుకుని, గొంతు బయటికి వినపడకుండా ప్రార్థన చేసుకునేవారు. ఆ మధ్యాహ్నం నేనూ మోకరించి నా ప్రార్థన చేసుకున్నాను. ప్రభువా, కొండ పేలనివ్వు. ఎవరికీ దెబ్బ తగలకుండా పేలనివ్వు. తాత మేకలకు కూడా. బస్సులు వస్తే ముగ్గురం సముద్రం ఒడ్డుకు పోతాం, ఆసుపత్రికి తాళం వేస్తారు, రుసుము సంగతి అందరూ మర్చిపోతారు. ఆ వారమంతా రోజూ అదే అడిగాను. పిండి సంచిలో రెండు గౌన్లు, దువ్వెన, అమ్మ పాత చున్నీ ఒకటి సర్ది మంచం కింద పెట్టుకున్నాను. సాయంత్రాలు కొండ దగ్గర రాళ్ళమీద చెయ్యి పెట్టి వేడెక్కాయేమో చూసేదాన్ని. ఎండకు అవి ఎప్పుడూ వేడిగానే ఉండేవి.

బుధవారం మధ్యాహ్నం భూమి అదిరింది.

నాన్న అన్నం వారుస్తున్నారు. ముందు గూట్లో స్టీలు గ్లాసులు గలగలమన్నాయి. తర్వాత నేల కింద పెద్ద లారీ పోతున్నట్టు ఒక మోత. గోడ మీదున్న క్యాలెండరు ఊగింది, గ్లాసులు వరసగా కిందపడ్డాయి. నాన్న గిన్నె వదిలేసి నన్ను పట్టుకోబోయారు. నేను మంచం కిందినుంచి సంచి లాక్కుని వీధిలోకి పరిగెత్తాను. నేను నవ్వుతున్నానట. నాన్న తర్వాత చాలాసార్లు చెప్పారు, ఎందుకు నవ్వానో ఆయనకు ఎప్పటికీ అర్థం కాలేదు.

వీధిలో అందరూ బయటే ఉన్నారు. తాత మేకలు బెదిరి రోడ్డుమీదికొచ్చాయి. కొండవైపు చూశాను. పొగ లేదు, ఏమీ లేదు. అయినా నాకు నమ్మకం పోలేదు. ఆసుపత్రి వైపునుంచి అమ్మ వస్తుందని చూస్తూ నిలబడ్డాను. రాలేదు. నాన్న చెయ్యి పట్టుకుని లాక్కుపోయాను.

రోగులందర్నీ ఆవరణలోకి తెచ్చేశారు. మంచాలు ఎండలో వరసగా ఉన్నాయి. అమ్మ ఒక చేత్తో పుట్టి రెండు రోజులైన బిడ్డను గుండెకు అదుముకుని, రెండో చేత్తో ఒక ముసలమ్మకు సెలైన్ సీసా ఎత్తి పట్టుకుని ఉంది. మమ్మల్ని చూసింది. నేను సంచి చూపించి, బస్సులొస్తాయి రా అమ్మా అన్నాను.

"ఇంటికెళ్ళండి" అంది అమ్మ. "ఇక్కడ వీళ్ళున్నారు. నేను రాలేను."

"కొండ పేలితేనో?" అన్నాను.

"పేలినా వీళ్ళని వదిలేసి ఎలా వత్తానే?"

ఆమె గొంతులో కోపం లేదు. ఊరికే ఉన్న మాట చెప్పింది. నాకు మాత్రం కాళ్ళకింద నేల అప్పుడు కదిలినట్టయింది. నేను కోరుకున్నది వచ్చినా ఆమె రాదు. నా అమ్మ నాతో రాదు. ఆ బిడ్డను పట్టుకున్న చేతివైపు చూస్తూ, నువ్వు రావొద్దు, ఎప్పటికీ రావొద్దు అన్నాను. ఆమె చేతిలో సీసా కిందికి దిగితే మళ్ళీ పైకెత్తింది.

ఆ తర్వాత భూమి మళ్ళీ అదరలేదు. బస్సులు రాలేదు. పెద్దవాళ్ళు రెండు రోజులు మాట్లాడుకుని మర్చిపోయారు.

మేం బయల్దేరే రోజు అమ్మకు డ్యూటీ పడిందన్నారు. తెల్లవారగానే ఆమె నా మంచం దగ్గరికి వచ్చింది. నేను కళ్ళు మూసుకుని నిద్ర నటించాను. నుదుటి మీద చెయ్యి వేసి, జ్వరం చూసినట్టు కాసేపు అలాగే ఉంచింది. డెటాల్ వాసన. తర్వాత తలుపు చప్పుడు. టాక్సీ వచ్చేసరికి తాత మేకనెయ్యి డబ్బా పట్టుకుని వచ్చాడు. అది నాన్న చేతిలో పెట్టి, మాకు వీపు చేసి నిలబడ్డాడు. జెడ్డా దారిలో కొండ పక్కనుంచే పోవాలి. నాన్న వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నారు. నేను చూడలేదు.

కోనసీమలో నాన్నకు ప్రైవేటు బడిలో పంతులు ఉద్యోగం దొరికింది, ఆయన ఇన్నేళ్ళూ కోరుకున్నదే. నల్లబల్లమీద ఎర్ర సుద్ద, నలుపుకు బదులు తెల్ల సుద్ద, మధ్యలో వేలెడు గోధుమరంగు గీసి అగ్నిపర్వతం పాఠం చెప్పేవారట. అమ్మ శుక్రవారం ఫోన్ చేసేది. తిన్నావా అంటే తిన్నాను, చదువుతున్నావా అంటే చదువుతున్నాను, అంతే. నాన్న పక్కనుంచి సైగలు చేసేవారు, ఇంకా మాట్లాడమని. ఫోన్ ఆయనకిచ్చి వెళ్ళిపోయేదాన్ని. ఆమె రెండుసార్లు సెలవు మీద వచ్చింది. నాకు తెచ్చిన బట్టలు రెండుసార్లూ బిగువయ్యాయి. నేను ఎంత ఎదిగానో ఆమెకు తెలియదు.

తర్వాత ఆమె పనిచేసే ఆసుపత్రి కూడా నితాఖాత్ ఎరుపులో పడింది. ఆమె ఇఖామా గడువు దాటిపోయింది. గడువు దాటితే దేశం బయటికి వెళ్ళి రావడానికి వీసా ఇవ్వరు. ఆసుపత్రివాళ్ళు రేపు మాపు అంటూ ఉండగానే, ఒక మధ్యాహ్నం నాన్న బడిలో పాఠం చెబుతూ కుర్చీలో కూర్చుని ఇక లేవలేదు. గుండె ఆగిపోయింది.

అమ్మ రాలేకపోయింది. తిరగాల్సిన ఆఫీసులన్నీ తిరిగింది. ఆమె కాగితం కదల్లేదు. సమాధి దగ్గర పెట్టె మూసేముందు నేను ఫోన్ ఎత్తి పట్టుకుని నాన్నను చూపించాను. అవతల ఆమె యూనిఫాంలోనే ఉంది. పాస్టరుగారు వాక్యం చదివినంతసేపూ ఏడవలేదు. నా చెయ్యి నొప్పెట్టి ఫోన్ రెండో చేతికి మార్చుకున్నాను.

"కొంచెం దించమ్మా" అంది. "నాన్నగారి మొహం కనపట్టంలేదు."

దించాను. అంతకంటే ఆమెకోసం ఆ రోజు నేను చేసిందేమీ లేదు.

ఆమె రెండేళ్ళ తర్వాత ఫైనల్ ఎగ్జిట్ మీద వచ్చేసింది. ఇప్పుడు నా దగ్గరే ఉంటోంది. మాకు ఒకరితో ఒకరం ఎలా మాట్లాడుకోవాలో తెలియలేదు. నేను బయటికి వెళుతుంటే వాకిలి దాకా వచ్చి నిలబడేది. నేను కొనే కాయగూరలు, వేసుకునే మాత్రలు చూసి, ఇంట్లో మనుషుల్ని పరిచయం చేసుకుంటున్నట్టు ఒక్కొక్కటే తెలుసుకునేది. నాన్న పోయి ఎన్నేళ్ళయిందో లెక్కవేసుకోకుండానే ఏటా ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక పెట్టుకుంటాం. ఈసారి అందరూ వెళ్ళిపోయాక అమ్మ టీ గ్లాసులు కడుగుతోంది. నేను తుడిచి పెడుతున్నాను. ఆమె కుళాయి కట్టేసి, నావైపు తిరక్కుండా మొదలుపెట్టింది.

"మీరు బయల్దేరిన రోజు నాకు డ్యూటీ లేదమ్మా. నేనే అడిగి ఏయించుకున్నాను. గుమ్మంలో ఉంటే నిన్ను టాక్సీ ఎక్కనిచ్చేదాన్ని కాదు."

నేను తుడిచిన గ్లాసునే మళ్ళీ తుడిచాను.

"ఆసుపత్రి మేడమీద దుప్పట్లు ఆరేసే చోట నుంచున్నాను" అంది. "మందుల దుకాణం కాడ మీ టాక్సీ ఆగింది. నాన్నగారు దిగి నీళ్ళసీసా కొన్నారు. నువ్వు కూడా దిగుతావేమో, ఒక్కసారి కనపడతావేమో అని చూశాను. దిగలేదు."

మళ్ళీ కుళాయి విప్పింది. నేను ఆమె చేతిలో గ్లాసు తీసుకుని, ఆ తడిచేతిని వదల్లేకపోయాను. ఇన్నేళ్ళుగా ఆ ఉదయాన్ని ఎన్నోసార్లు తలుచుకున్నాను. నుదుటి మీద చెయ్యి, తలుపు చప్పుడు, తాత వీపు, అన్నీ ఉన్నాయి. టాక్సీ అక్కడ ఆగినట్టు మాత్రం నాకు గుర్తే లేదు.